మోకు మీదికి నెట్టిన రోగం

"వచ్చిందా బిడ్డా?" అని వాకిట్లోంచి అడిగింది హనుమమ్మ.

"రాలే" అన్నాడు యాదగిరి.

దొడ్డిగోడకు నుదురు ఆనించి నిలబడ్డాడు. తెల్లవారినప్పటి నుంచి అదే గోడ, అదే నిలబడటం. ఒక్క చుక్క మూత్రం పడలేదు. పొత్తికడుపు ఉబ్బి రాయిలా గట్టిపడింది. ఒళ్లు కాలిపోతోంది, అయినా చలికి పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

"ఇంకో లోటెడు తాగు. పొద్దుగాల దించిన ఈతకల్లు. సలువ చేస్తది, వేడంత దిగిపోతది." హనుమమ్మ లోటా నింపి మనవరాలి చేతికిచ్చింది. "ప్రవళికా, నువ్వే తీస్కపో. మీ అమ్మ చెయ్యి తగలనియ్యకు."

ఆ చివరి మాట మమత వినాలనే అన్నది. మమత విన్నది. కొట్టం పక్కన తనకు ఇచ్చిన మూలలో, తనకు ఇచ్చిన కంచం కడుక్కుంటూ విన్నది. కార్తీకం నుంచి ఈ ఇంట్లో ఆమెది వేరే కంచం, వేరే చాప. వంట చెయ్యకూడదు. దేవుని అర్ర దిక్కు పోకూడదు. మొగుడికి మంచినీళ్లు కూడా అందించకూడదు. బర్రె పేడ మాత్రం తియ్యొచ్చు. పేడకు మైల అంటదు కాబోలు!

ఆమెకు రోత పుట్టింది. ఇవాళ కొత్తగా పుట్టిన రోత కాదది. పులిసిన కల్లు కంపు, యాదగిరి పక్కబట్టల నుంచి కొట్టే జ్వరం చెమట కంపు, గడపకు కట్టి ఎండిపోయిన వేపమండల కంపు, అన్నీ కలిసి ఆ ఇంటి గాలిలో పేరుకుపోయాయి. ఇప్పుడు ఆ లోటాను చూస్తే ఆ రోత ఇంకా పెరిగింది. మూత్రం బయటికి రాక చస్తున్న మనిషికి పైనుంచి ఇంకా పోస్తున్నారు. నిండిన కుండలో ఎంతని పోస్తారు?

లేచి వచ్చి, కూతురి చేతిలోని లోటా లాక్కుని, వాకిట్లో కుమ్మరించింది.

కల్లు నురగతో పారి హనుమమ్మ కాళ్ల దాకా వచ్చింది. గౌడుల ఇంట్లో కోడలు కల్లు నేలపాలు చెయ్యడం ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు, వినలేదు.

"ముట్టింది! మళ్ల ముట్టింది!" హనుమమ్మ నెత్తి కొట్టుకుంది. "చెట్టెక్కే మోకు ముట్టి మొగన్ని మంచాన పడేసింది సాలలేదా నీకు? లోటా గూడ ముడతవా?"

"లోటానే గాదు, మనిషిని గూడ ముడత. ఆటో పిలిచిన. నల్లగొండ దవాఖానకు తీస్కపోతున్న."

"దవాఖాన ఏం జేస్తదే? ఊర్ల ఆరెంపీ డాక్టరు వారం వారం సూదులు ఏశిండు. తగ్గిందా? ఇది సూదులకు తగ్గే రోగం గాదు. ఎల్లమ్మ తల్లికి కోపమొచ్చింది. ఆదివారం తడిబట్టలతోని తల్లి ముంగట నిలబడు. గౌడ సంఘపోళ్లందరు ఇనంగ తప్పయిందని ఒప్పుకో. మోకు కడిగి నెత్తిన పెట్టుకొని గుడి సుట్టు తిరుగు. అప్పుడు జూడు, నా కొడుకు లేస్తడో లేవడో."

"ఆదివారం దాకా ఈయన ఆగుతడా అత్తమ్మా?"

హనుమమ్మ ఏదో అనబోయింది. అంతలోనే గోడ దగ్గర దబ్బున చప్పుడైంది. యాదగిరి మోకాళ్ల మీద కూలబడి, పొత్తికడుపు రెండు చేతులతో పట్టుకుని, పసిపిల్లవాడిలా ఏడుస్తున్నాడు. నలభై ఏళ్ల మనిషి. తాటిచెట్టు చివర నిలబడి ఊరంతా వినబడేలా కేకలేసే మనిషి.

మమత అతని చంక కింద చెయ్యి వేసి లేపింది. ముట్టొద్దని అనేవాళ్లు ఎవరూ అనలేదు.

ఆటో దాకా ఒక పక్క ప్రవళిక పట్టుకుంది. తొమ్మిదో తరగతి పిల్ల, తండ్రి బరువుకు వంగిపోయింది. అతన్ని వెనక సీట్లో పడుకోబెట్టాక తల్లి కొంగు పట్టుకుని, చిన్నగా అడిగింది.

"అమ్మా, నువ్వు నిజంగనే ముట్టినవా?"

"ముట్టిన బిడ్డా" అన్నది మమత.

అబద్ధమెందుకు చెప్పాలి? ముట్టింది నిజమే. దసరా వెళ్లాక, దీపావళికి ముందు, ఒకనాటి సాయంత్రం ఉన్నట్టుండి గాలివాన కొట్టింది. యాదగిరి తాగి వచ్చి, నడుముకు కట్టి చెట్టెక్కే మోకును అరుగు మీదనే పడేసి, పక్కనే ఒరిగాడు. చూరు నుంచి నీళ్లు ధారగా దాని మీద పడుతున్నాయి. మోకు నానితే కుళ్లుతుంది. కుళ్లిన మోకు తెగితే మనిషి తాటిచెట్టు మీద నుంచి నేరుగా నేల మీదికే. ఆ రోజు ఆమె దూరంగా ఉండాల్సిన రోజు. నెలనెలా వచ్చే ఆ నాలుగు దినాల్లో ఆడవాళ్లు మోకు ముట్టకూడదు, దాటకూడదు. అది ఆమెకు పుట్టింట్లోనూ తెలుసు, అత్తింట్లోనూ తెలుసు. అయినా తీసి కొయ్యకు తగిలించింది. మొగుడి ప్రాణం మీది తీపితో తగిలించింది.

ఆ పని తలుపు సందులోంచి అత్త చూసిందనే ఇన్నాళ్లూ అనుకుంటోంది. కార్తీకంలో యాదగిరికి మూత్రంలో మంట ముదిరి, నిలబడలేక, కూర్చోలేక అవస్థపడినప్పుడు ఆ నింద పైకి వచ్చింది. మమత ఎదురు చెప్పలేదు. నిజంగా తన వల్లనే అయిందేమోనని భయపడింది. వేరే కంచం ఇస్తే తీసుకుంది. మూలన పడుకోమంటే పడుకుంది. ఆదివారం తడిబట్టలతో నిలబడమంటే సరేనని తలూపింది కూడా. మొగుడికి నయమైతే అదే పదివేలనుకుంది.

ఆటో కట్టంగూర్ దాటి పెద్దరోడ్డు ఎక్కింది. గుంత వచ్చినప్పుడల్లా యాదగిరి అరుస్తున్నాడు. అతని తల తన ఒళ్లో పెట్టుకుని, ఆ వాసనకు ముఖం పక్కకు తిప్పుకుని కూర్చుంది మమత.

*

దవాఖానలో డాక్టర్ ప్రేమ్‌సాగర్ యాదగిరి పొత్తికడుపు మీద చెయ్యి వేసి చూశాడు. నర్సు గ్రేస్ తెర లాగింది. లోపలి దారి వాచిపోయి ఉందని, కింది నుంచి పైపు తోస్తే ఇంకా చెడుతుందని, బొడ్డు కింద చిన్న గాటు పెట్టి సన్నటి పైపు వేశారు.

తెర అవతల ముందు అరుపు వినిపించింది. తర్వాత పొడుగాటి నిట్టూర్పు. తెర తీసేసరికి మంచానికి వేలాడుతున్న సంచి నిండుతోంది. బురద రంగు, మధ్యమధ్య ఎర్రటి జీర, ముక్కు పగిలే కంపు. మమత కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. అదే కొంగుతో కళ్లు కూడా తుడుచుకుంది. మనిషి దక్కాడు.

డాక్టర్ చేతులు కడుక్కుంటుంటే వెనకే వెళ్లి నిలబడింది.

"సారూ, ఇది నా తోటే అయిందంటున్నరు. నేను దూరమున్న దినాలల్ల ఆయన మోకు ముట్టిన. నా మైల ఆయనకు తగిలిందంటున్నరు."

"ఎవరమ్మా అన్నది?"

"ఇంట్ల. సంఘంల. అందరు."

డాక్టర్ నవ్వలేదు. నవ్వుతాడేమోనని ఆమె భయపడింది. తువ్వాలుతో చేతులు తుడుచుకుని మంచం దగ్గరికి వచ్చాడు. యాదగిరి కళ్లు మూసుకుని ఉన్నాడు, కానీ నిద్రలో లేడు.

"ఇటు ఇను. మూత్రం సంచి కింద మొగోళ్లకు ఓ గ్రంథి ఉంటది. ప్రోస్టేట్ అంటరు. పెద్ద ఉసిరికాయంత ఉంటది. మూత్రం దారి దాని నడుమల నుంచే పోతది. దాంట్ల సూక్ష్మక్రిములు చేరి అది వాచింది. అది వాస్తే దారిని పిసుకుతది. చలిజ్వరం, మంట, కూసుంటే కింద పోటు, ఇప్పుడు మూత్రం ఆగుడు, అన్ని దాని తోటే. ఈ క్రిములు చానమట్టుకు మనిషి సొంత పేగులల్లయే. నీ నుంచి రాలే. నీకు అంటయి గూడ అనుకోకు. మోకు ముట్టుడుకు దీనికి ఏ సంబంధం లేదు."

మమత గొంతు తగ్గించింది. "మరి... ఎక్కడన్న తప్పుడు తిరుగుడు తిరిగితే వస్తదా?"

"కొందరికి అట్ల గూడ రావొచ్చు. అందుకే రాంగనే ఆ పరీక్ష గూడ చేయించినం. ఈయనకు అసొంటిదేం లేదు. ఏ తప్పు చెయ్యనోళ్లకు, ఏ వయసుల ఉన్నోళ్లకైన వస్తది. రోగం ఎక్కడొచ్చిందో చూసి మనిషి గుణం ఎంచుతరు మనోళ్లు, అదే పెద్ద రోగం."

యాదగిరి కళ్లు తెరిచాడు. "సారూ, క్యాన్సర్ గాదు గదా?"

"ఇది వాపు. క్యాన్సర్ సంగతి చూసే రక్తపరీక్ష ఒకటుంది గాని ఇంత వాపుల చేస్తే అది ఉత్తగనే ఎక్కువ చూపిస్తది, మీరు ఆగమైతరు. తగ్గినంక చూద్దాం. ఇప్పుడైతే మందులు. వారం పది దినాలు గాదు, నెలకు పైనే. ఆ గ్రంథి లోపలికి మందు మెల్లగ ఇంకుతది. నొప్పి తగ్గింది గదా అని నడుమల ఆపితే లోపల మిగిలిన క్రిములు మళ్ల లేస్తయి. కల్లు బంద్, సారా బంద్. కారం తగ్గించాలె. నీళ్లు మంచిగ తాగాలె, వచ్చినప్పుడు ఆపుకోవద్దు. పైపు తీసి గాటు మానినంక రోజూ టబ్బుల గోరువెచ్చటి నీళ్లు పోసుకొని కాసేపు కూసోవాలె, పోటు తగ్గుతది. చెట్లెక్కుడు ఇప్పట్ల లేదు." అంతవరకు మమతకు చెప్పి, యాదగిరి వైపు తిరిగాడు. "ఇవన్ని నీకు అప్పుడే చెప్పిన గదనయ్యా!"

మమతకు అర్థం కాలేదు. "అప్పుడంటే ఎప్పుడు సారూ?"

"బతుకమ్మ ముంగట. పేరు యాదికి లేదు గాని మనిషి యాదికున్నడు. ఇదే మంటని వచ్చిండు. రోగం సంగతి, మందు సంగతి అంత చూసుకుంటనే చెప్పిన. ఎనక నుంచి వేలుతోని గ్రంథిని చూడాలె, ఇంకో తీరుగ అంత మంచిగ తెల్వదు. చూసి నేను చెయ్యి కడుక్కునేటాళ్లకు బల్ల దిగి, చెప్పులు గూడ ఇడిసి ఉరికిండు. సిస్టర్ ఎంటవడి మందులు చేతిల పెట్టింది. మళ్ల రమ్మంటే ఇగో, ఇప్పుడొచ్చిండు."

డాక్టర్ ఇంకో మంచం దగ్గరికి వెళ్లిపోయాడు. మమత నిలబడ్డచోటే నిలబడింది.

చెప్పులు! బతుకమ్మకు ముందు ఒకరోజు యాదగిరి ఎర్రటెండలో ఉత్తకాళ్లతో ఇంటికొచ్చాడు. బస్టాండులో ఎవడో ఎత్తుకుపోయాడని అన్నాడు. పండుగ పూట మనిషి ఉత్తకాళ్లతో తిరుగుతాడా అని తానే మరునాడు కొత్త జత కొనుక్కొచ్చింది.

అంటే రోగం బతుకమ్మ కంటే ముందుది. మోకు తాను ముట్టింది దసరా వెళ్లాక. రోగం ముందు, మోకు వెనక. ఆ సంగతి ఈ మనిషికి మొదటి నుంచీ తెలుసు.

*

"గోళీలు ఎన్ని దినాలు ఏస్కున్నవ్?" అని అడిగింది.

యాదగిరి పైకప్పు వైపు చూస్తున్నాడు.

"నిన్నే అడుగుతున్న."

"వారం. నొప్పి తగ్గింది. ఇడిసిపెట్టిన."

"మిగిలినయి?"

"ఈతవనంల పారేసిన. ఇంట్ల ఉంటే నువ్వు అడుగుతవని."

"మళ్ల మంట లేసినంక?"

పక్క మంచం మీది ముసలాయన దగ్గుతున్నాడు. మమత ఆ దగ్గు ఆగేదాకా ఆగింది.

"నేను మోకు ముట్టిన్నని అత్తమ్మకు ఎట్ల తెలిసింది?"

అతను అటు తిరగబోయాడు. పైపు గుంజింది. మూలిగి, మళ్లీ వెల్లకిలా పడుకున్నాడు.

"అమ్మ ఒకటే గుచ్చి గుచ్చి అడిగింది మమతా. ఎట్లయిందిరా, ఎవలతోని తిరిగినవ్ రా అని. ఏదో ఒకటి చెప్పాలె గదా. నోట్లకెళ్లి వచ్చింది."

"ఏమొచ్చింది?"

"నువ్వు మోకు ముట్టినవని."

ఆ వానలో, తాగి పడుకున్నాడనుకున్న మనిషి కళ్లు తెరిచే ఉన్నాడు. తన మోకు నానకుండా పెళ్లాం తీసి తగిలించడం చూశాడు. ఆ చేతిని గుర్తుపెట్టుకున్నాడు. అవసరం పడ్డనాడు ఆ చేతినే చూపించాడు. ఇంత అసహ్యం ఆమెకు ఆ సంచిలోని నెత్తుటి మూత్రం చూసినా కలగలేదు. రోగం కడిగితే పోతుంది. ఇది దేనితో కడగాలి?

"నేను కొట్టంల పండుకున్న. బర్రె పక్కన తిన్న. నువ్వు సూస్తనే ఉన్నవ్."

"మొగోన్ని మమతా. అక్కడ వేలు పెట్టి సూసిండని ఎవలికని చెప్పుకోను? సంఘంల కూసోనిస్తరా? కల్లు తాగుకుంట నవ్వరా? జన్మల తలెత్తుకుంటనా?"

"నీ తల లేవనీకె నా తల వంచినవా?"

"గట్ల గాదు..."

"ప్రవళిక పుట్టినప్పుడు ఇదే నల్లగొండల బల్ల మీద నన్నెంతమంది చూసిండ్రో నీకెరికేనా? నర్సులు, డాక్టర్లు, చదువుకునే మొగపిల్లలు గూడ. కాన్పు గావాలె, బిడ్డ బతకాలె అని పండ్లు కొరుకుకొని పండుకున్న. ఆ సిగ్గు నేనెవలి మీద పెట్టిన? నీకు వేలంత సిగ్గయితే నా మీద గంపెడు మైల పోస్తవా?"

యాదగిరి కళ్లలో నీళ్లు తిరిగాయి. పొద్దున ఆ గోడ దగ్గర ఏడిస్తే ఆమె కడుపు తరుక్కుపోయింది. ఇప్పుడు ఏమీ కాలేదు.

"తప్పయింది" అన్నాడు. వెంటనే చుట్టూ చూసి, గొంతు తగ్గించి, బతిమాలాడు. "ఒక్కటే అడుగుత. ఆదివారం నిలబడతనని ఒప్పుకున్నవ్ గదా. నిలబడు. రెండు నిమిషాల పని. నువ్వు తప్పయిందనంగనే అయిపోతది. నీకు మళ్ల ఇల్లు అంత ఎప్పటి లెక్కనే. నా మానం దక్కుతది. రోగం మందులతోని తగ్గినా ఎల్లమ్మ తల్లి దయ అనుకుంటరు. ఎవలికి నష్టం?"

ఛీ, అనుకుంది మమత. పైకి అన్నదో లేదో ఆమెకే తెలియదు. వరండా చివర నల్లా దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కుంది. సబ్బు లేకపోతే గ్రేస్‌ను అడిగి తెచ్చుకుని మళ్లీ కడుక్కుంది.

*

మరునాడు పదిగంటలకు హనుమమ్మ వచ్చింది. వెంట సంఘం పెద్ద బాలయ్య. తెల్ల ధోతి, భుజాన కండువా, మెత్తటి గొంతు. చెడ్డవాడని అనడానికి వీల్లేదు. ఊళ్లో ఎవరికి ఆపద వచ్చినా ముందు నిలబడేవాడు. అందుకే అతని మాటకు ఎదురు చెప్పడం ఎవరికీ అలవాటు లేదు.

కొడుకు ముఖంలో జీవం చూసి హనుమమ్మ రెండు చేతులెత్తి మొక్కింది. ఆ వెంటనే సంచిలోంచి మంచినీళ్ల సీసా తీసి మూత తిప్పింది. వార్డు వార్డంతా కల్లు వాసన గుప్పుమంది.

"ఒక్క గుక్క తాగు బిడ్డా. నిన్నటి నుంచి నోరు పిడచకట్టుకపోయి ఉంటది."

గ్రేస్ అటువైపు నుంచి గబగబా వచ్చి సీసా గుంజుకుంది. "పెద్దమ్మా, ఇది తాగితే నీ కొడుకును నువ్వే సంపుకున్నట్టు."

"సలువ సేసేది సంపుతదా? సోద్యం!" అని హనుమమ్మ సణిగింది. ఆ కల్లు పోయిన దిక్కు చాలాసేపు చూసింది.

బాలయ్య స్టూలు మీద కూర్చున్నాడు. మమతను పిలిచాడు.

"బిడ్డా, నిన్ను బాధపెట్టాలని గాదు. మొన్న బిక్షమ్మ కొడుకు చెట్టు మీదికెళ్లి జారిండు. కాలిరిగింది. యాదగిరి గిట్లయె, ఆ పిలగాడు గట్లయె. వనమంతటికి కీడు తగిలిందని మనోళ్లు చెట్టెక్కనీకె భయపడుతున్నరు. భయంతోని ఎక్కితే ఇంకొకడు జారుతడు. నువ్వు ఒక్కమాట ఒప్పుకుంటే అందరి మనసు కుదుటపడతది."

మమతకు అప్పుడు తెలిసింది. ఒప్పుకుంటే యాదగిరి రోగం ఒక్కటే కాదు, బిక్షమ్మ కొడుకు కాలు కూడా తన నెత్తి మీదికే వస్తుంది. రేపు ఇంకెవరు జారినా తనే. ప్రవళిక వనం దిక్కు నడిస్తే, మోకు ముట్టినదాని బిడ్డ వస్తాందని దారి తప్పుకుంటారు. యాదగిరి చెప్పిన రెండు నిమిషాలు అంత పొడుగువి.

"ఒప్పుకోకుంటే మామా?"

బాలయ్య కండువా సర్దుకున్నాడు. "అంత దూరం ఎందుకు బిడ్డా? పిల్ల ఎదుగుతాంది. సంఘం ఒక మాటనుకుంటే మీ ఇంటి నీళ్లు ఎవలు ముట్టరు. నా చేతిల గూడ ఉండదు."

మమత మొగుడి వైపు చూసింది. ఒక్క మాట చాలు. ఆమె తప్పు లేదు, నాకు ముందు నుంచే రోగముంది, అంటే చాలు. వేలు సంగతి చెప్పనక్కర్లేదు, చెప్పుల సంగతి చెప్పనక్కర్లేదు. డాక్టర్‌కు చూపించుకున్నా, గోళీలు మధ్యలో ఆపేశా అంటే చాలు. ఇన్నేళ్లు ఒకే చూరు కింద బతికినందుకు ఆ ఒక్క మాట కోసం ఆమె కాచుకుంది.

యాదగిరి దుప్పటి అంచు వేళ్లతో మడుస్తున్నాడు.

"సెప్పురా, ఒప్పుకుంటదని పెద్దమనిషికి సెప్పు" అని హనుమమ్మ తొందరపెట్టింది.

"ఒప్పుకుంటదమ్మా" అన్నాడు యాదగిరి. "నిన్ననే మాట్లాడిన. ఆమెకు సమ్మతమే."

మమతకు ఇక అతని వైపు చూడబుద్ధి కాలేదు. బాలయ్య ముందుకు వచ్చి నిలబడింది.

"వస్త మామా" అన్నది. "ఆదివారం తప్పకుండ వస్త. తడిబట్టలతోనే నిలబడత. మోకు ముట్టిన్నని గూడ చెప్త. ముట్టిన కాబట్టి చెప్త, నాకు భయం లేదు."

హనుమమ్మ ముఖం విప్పారింది. "బతికించినవ్ తల్లీ."

"ఆగు అత్తమ్మా. ముట్టింది దసరా ఎనక. అంతకన్న ముందు, బతుకమ్మ ముంగట, నీ కొడుకు ఈ దవాఖానకు ఎందుకొచ్చిండో, డాక్టర్ సారు ఏం సూసి ఏం చెప్పిండో, అది గూడ అక్కడనే చెప్త. ఎల్లమ్మ తల్లి ముంగట సగం నిజం చెప్పొద్దు గదా. అంత చెప్త. సంఘపోళ్లందరు ఇనంగ చెప్త."

బాలయ్య కనుబొమలు ముడిపడ్డాయి. "బతుకమ్మ ముంగట ఏమైంది?"

"వద్దు" అన్నాడు యాదగిరి.

గొణిగినట్టు అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. మోచేతుల మీద లేవబోయాడు. మంచం కిర్రుమంది, పైపు గుంజింది, నొప్పికి ముఖం వంకర తిరిగింది. అయినా ఆగలేదు.

"వద్దన్న గదా! ఆమె రావద్దు. ఆదివారం లేదు ఏం లేదు. ఆమెను నిలబెట్టొద్దు!"

వార్డులో తలలన్నీ ఇటు తిరిగాయి. హనుమమ్మ తెల్లబోయి కొడుకు వైపు, కోడలి వైపు మార్చి మార్చి చూసింది.

"ఏందిరా ఇది? నెల నుంచి నువ్వే గదరా ఆమె ముట్టబట్టే అంటివి? ఇప్పుడు వద్దంటవేంది?"

"ఎందుకు వద్దు యాదగిరీ?" బాలయ్య గొంతులో మెత్తదనం పోయింది. "నాకు చెప్పు."

యాదగిరి మమత వైపు చూశాడు. పెళ్లయినప్పటి నుంచి పెద్దల ముందు అతనికి మాట తడబడ్డ ప్రతిసారీ పక్కనుంచి అందించేది ఆమే. ఇప్పుడూ ఏదో ఒకటి అందిస్తుందని చూశాడు. చేతులు జోడించినంత పని చేశాడు.

మమత గోడ పక్కనున్న ఇంకో స్టూలు లాక్కుని, అత్త ముందే, సంఘం పెద్ద ముందే కూర్చుంది.

"అడుగుతున్నరు గదా" అన్నది. "చెప్పు."